బొంత నుంచి బేరాల బల్ల దాకా: క్లీవ్ జోన్స్ రెండో ఉద్యోగం

2000ల మధ్యలో, యాభై ఏళ్ల వయసులో, క్లీవ్ జోన్స్ హోటల్ కార్మికుల యూనియన్ ‘యునైట్ హియర్’లో చేరారు. గదులు సర్దేవాళ్లు, వంటవాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు, సామాను మోసేవాళ్లు అందులో సభ్యులు. అప్పటికి ముప్ఫై ఏళ్లుగా ఆయన పేరు అమెరికాలో గే హక్కుల ఉద్యమంతోనే ముడిపడి ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో గే నాయకుడు హార్వీ మిల్క్ దగ్గర పనిచేసిన కుర్రాడిగా, ఎయిడ్స్ స్మారక బొంతకు ఆలోచన ఇచ్చిన మనిషిగా జనానికి తెలుసు. పైకి చూస్తే ఇది దారి మార్చుకోవడమే. పని తీరు దగ్గరగా చూస్తే మాత్రం మారింది జీతమిచ్చే చోటే. పనిముట్లు చాలావరకు పాతవే, ఒకటి రెండు తప్ప. ఆ ఒకటి రెండే ఆసక్తికరం.

జోన్స్ 1954 అక్టోబర్ 11న ఇండియానా రాష్ట్రంలో పుట్టారు. 1970ల మొదట్లో శాన్ ఫ్రాన్సిస్కో చేరారు. అక్కడి కాస్ట్రో వీధిలో మిల్క్ కెమెరా దుకాణం నడిపేవారు. ఆ దుకాణం గల్లా వెనక నడిచిన రాజకీయమే జోన్స్‌కు బడి. 1977 ఎన్నికల్లో మిల్క్ నగర సూపర్‌వైజర్‌గా, అంటే నగర పాలక మండలి సభ్యుడిగా, గెలిచాక జోన్స్ ఆయన ఆఫీసులో విద్యార్థి ఇంటర్న్‌గా పనిచేశారు.

యూనియన్లతో పొత్తు ఆ బడిలో మొదటి పాఠాల్లోనే ఉంది. 1970ల నడుమ బీరు లారీ డ్రైవర్ల యూనియన్‌కూ కూర్స్ కంపెనీకీ గొడవ వచ్చింది. బార్లు కూర్స్ బీరు కొనడం మానేస్తే తప్ప కంపెనీ దిగిరాదు. నగరంలో గే బార్లు చాలా ఉన్నాయి. డ్రైవర్ల నాయకుడు అలన్ బెయిర్డ్ సాయం అడిగితే, మిల్క్ ఒక షరతు పెట్టారు: గెలిచాక గే యువకులకు కూడా లారీ డ్రైవర్ ఉద్యోగాలు ఇప్పించాలి. ఒప్పందం కుదిరింది, బార్లలో కూర్స్ ఆగింది. కూర్స్‌లో ఉద్యోగానికి వచ్చేవాళ్లను లై డిటెక్టర్ ముందు కూర్చోబెట్టి లైంగిక జీవితం గురించి కూడా అడుగుతారన్న ఆరోపణ గే సమాజానికి సొంత కారణమైంది. 1977లో జాతీయ కార్మిక సమాఖ్య కూడా బహిష్కరణలో కలిసింది. అది పదేళ్లు నడిచింది.

ఈ అప్పు 1978లో తీరింది. గే టీచర్లను బడుల నుంచి తీసేయాలన్న ఆరో ప్రతిపాదన, అంటే బ్రిగ్స్ ఇనిషియేటివ్, కాలిఫోర్నియా ఓటర్ల ముందుకు వచ్చింది. కార్మిక సంఘాలు ఎదురు నిలబడ్డాయి. నవంబర్ 7న దాదాపు 58 శాతం ఓట్లతో అది ఓడిపోయింది. సరిగ్గా 20 రోజులకు, నవంబర్ 27న, మిల్క్‌నూ మేయర్ జార్జ్ మొస్కోనేనూ సిటీ హాల్లోనే కాల్చి చంపారు.

బొంత

మిల్క్ హత్య జరిగిన తేదీన ఏటా కొవ్వొత్తుల ఊరేగింపు జరిగేది. 1985 నాటికి నగరంలో ఎయిడ్స్ మృతులు వెయ్యికి చేరారు. చనిపోయిన తమవాళ్ల పేర్లు అట్టల మీద రాసి తెమ్మని జోన్స్ ఊరేగింపుకు వచ్చేవాళ్లను అడిగారు. నిచ్చెనలు వేసి ఆ అట్టల్ని ఫెడరల్ భవనం గోడకు టేపుతో అంటించారు. కాస్త దూరం నుంచి చూస్తే గోడంతా అతుకుల బొంతలా కనిపించింది. ఆలోచన అక్కడ పుట్టింది. 1987లో తన స్నేహితుడు మార్విన్ ఫెల్డ్‌మన్ పేరుతో జోన్స్ మొదటి పలక, అంటే బొంతలో చేరే మొదటి బట్ట ముక్క, తయారుచేశారు. ఆ ఏడాదే ‘నేమ్స్ ప్రాజెక్ట్’ సంస్థ ఏర్పడింది.

మన ఇళ్లలో బొంత అంటే పాత చీరల పీలికలతో కుట్టేది, పోయినవాళ్ల బట్ట కూడా అందులో కలుస్తుంది. అమెరికా పల్లెల్లోనూ దాదాపు అంతే. ఎయిడ్స్‌తో పోయిన కొడుకు పేరు బయట చెప్పుకోలేని ఇంట్లో కూడా సూదీ దారం పట్టుకోగల అమ్మమ్మ ఉంటుంది. నినాదాల బ్యానర్ కాకుండా బొంతను ఎంచుకోవడంలో ఉన్న తెలివి ఇదే.

కొలతలు చాలా కచ్చితం. ఒక్కో పలక 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. ఇంచుమించు ఒక సమాధి కొలత. ఎనిమిది పలకలు కలిపితే 12 అడుగుల చదరం, దాన్ని బ్లాక్ అంటారు. అడ్డంగా పెట్టినా నిలువుగా పెట్టినా లెక్క కుదరాలంటే ఒక్క పలక కూడా అంగుళం తేడా రాకూడదు. కాబట్టి బట్ట కత్తిరించేటప్పుడు నాలుగు వైపులా మడతకు రెండు మూడు అంగుళాలు వదలమంటారు. తేడా వస్తే ఎనిమిదీ కలిపి కుట్టినప్పుడు ఒకచోట ముడతలు పడి, ఇంకోచోట దారం తెగుతుంది. సాగే బట్ట పనికిరాదు. డక్ కాటన్, పాప్లిన్ లాంటి మందపు బట్ట కావాలి. అక్షరాలు కత్తిరించి కుట్టడం అన్నిటికన్నా మేలు. చాలామంది తొందరలో జిగురుతో అంటిస్తారు. ఈ బొంతను వందలసార్లు మడవాలి, విప్పాలి. జిగురు ఎండి పెళుసై, మడత దగ్గర పెచ్చులుగా ఊడిపోతుంది. దట్టంగా పూసిన రంగు కూడా అంతే. ఫొటో పెట్టాలంటే నూలు బట్ట మీద ఇస్త్రీతో ముద్రించి, ఆ ముక్కను కుట్టాలి. బరువైన వస్తువులు వేలాడదీస్తే పక్క పలకలు చిరుగుతాయి.

1987 అక్టోబర్ 11న వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్ అనే మైదానం మీద మొదటిసారి పరిచారు. అది జోన్స్ 33వ పుట్టినరోజు కూడా. ఆ రోజు 1,920 పలకలు, అంటే 240 బ్లాకులు. తెల్లబట్టలు వేసుకున్న స్వచ్ఛంద కార్యకర్తలు జట్లు జట్లుగా తామరపువ్వులా మడిచిన చదరాన్ని రేకు తర్వాత రేకుగా విప్పి, పైకెత్తి, తిప్పి నేల మీద పరిచేవారు. మైకులో పేర్లు చదువుతూనే ఉంటారు. మరుసటి ఏడాది 20 నగరాల పర్యటనలో స్థానిక ఎయిడ్స్ సేవాసంస్థలకు దాదాపు 5 లక్షల డాలర్లు పోగయ్యాయి. అది ముగిసేసరికి పలకలు 6,000 దాటాయి. 1996లో చివరిసారి బొంత మొత్తాన్ని ఒకేచోట పరిచారు, నేషనల్ మాల్ నిండిపోయింది. ఇప్పుడు దాదాపు 50,000 పలకలు, లక్షా పదివేలకు పైగా పేర్లు, 54 టన్నుల బరువు. నడకదారులు వదలకుండా పరిచినా 20 ఎకరాలు కావాలి. ఇప్పుడది శాన్ ఫ్రాన్సిస్కోలోని నేషనల్ ఎయిడ్స్ మెమోరియల్ సంరక్షణలో ఉంది. పలకలతో పాటు వచ్చిన ఉత్తరాలు, ఫొటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి.

స్మారకం అన్న మాట వెనక దాగిపోయే విషయం ఒకటుంది. పలక పంపిన ప్రతి ఇంటి నుంచి పేరు, చిరునామా, ఉత్తరం వస్తాయి. అంటే అదొక జాబితా. ఊరూరా ఎవరు బాధపడ్డారో, ఎవరు పని చేయడానికి సిద్ధమో చెప్పే జాబితా. ఏ సంఘం పనైనా జాబితాతోనే మొదలవుతుంది. యూనియన్ ఆఫీసులో కూడా మొదటి రోజు చేతిలో పెట్టేది అదే: ఏ షిఫ్టులో ఎవరు, ఏ అంతస్తులో ఎవరు, ఎవరి మాట ఎవరు వింటారు.

బతికి ఉండటం వల్ల వచ్చిన చిక్కు

జోన్స్‌కు కూడా హెచ్‌ఐవీ ఉంది. 1990ల మొదట్లో ఆరోగ్యం బాగా దెబ్బతింది. మందుల కలయిక ఆయన్ను బతికించింది. 1996 నుంచి ప్రొటియేజ్ ఇన్హిబిటర్లు అనే కొత్త రకం మందులు కలిపిన చికిత్స అందుబాటులోకి వచ్చాక వేలమంది చావు అంచు నుంచి వెనక్కి వచ్చారు. అలాంటి చికిత్స తర్వాత పేద దేశాలకు తక్కువ ధరకు చేరడంలో హైదరాబాద్ మందుల కంపెనీల వాటా చిన్నది కాదు, కానీ ఆ లెక్క వేరే వ్యాసానికి.

ఇక్కడ అసలు చిక్కు డబ్బు. రెండేళ్లలో పోతామనుకున్నవాళ్లు పొదుపు చేయరు. కొందరు జీవిత బీమా పాలసీలను పెట్టుబడిదారులకు అమ్ముకున్నారు, దాన్ని వయాటికల్ సెటిల్‌మెంట్ అంటారు: పాలసీ మొత్తంలో కొంత ఇప్పుడే చేతికి, మనిషి పోయాక మొత్తం కొన్నవాడికి. మనిషి పోలేదు. డబ్బు అయిపోయింది.

పదేళ్లు చదువూ ఉద్యోగమూ లేని ఖాళీతో నలభై, యాభై ఏళ్ల వయసులో మళ్లీ పనిలోకి రావాలి. అమెరికాలో వైకల్య పింఛను తీసుకుంటున్నవాళ్లకు ఇందులో ఒక భయం ఉంటుంది: జీతం మొదలైతే పింఛనూ, దానితో వచ్చే వైద్యమూ పోతాయేమోనని. నిజానికి నియమం అంత కఠినం కాదు. 60 నెలల వ్యవధిలో 9 నెలలు ప్రయోగంగా పని చేయవచ్చు, ఎంత సంపాదించినా పింఛను ఆగదు. ఆ తర్వాత 36 నెలల పాటు, జీతం పరిమితి కన్నా తగ్గిన ప్రతి నెలా పింఛను మళ్లీ వస్తుంది. ప్రయోగ కాలం ముగిశాక కూడా మెడికేర్ వైద్యం కనీసం 93 నెలలు కొనసాగుతుంది. జనం తప్పు చేసేది ఎక్కడంటే, పనిలో చేరిన సంగతి పింఛన్లు ఇచ్చే సోషల్ సెక్యూరిటీ కార్యాలయానికి చెప్పకపోవడం. రెండేళ్లకు అదనంగా ఇచ్చిన పింఛను తిరిగి కట్టమని నోటీసు వస్తుంది.

ముసలితనపు పింఛను ఇంకో దెబ్బ. అది ఎక్కువ సంపాదించిన 35 ఏళ్ల సగటు మీద లెక్కిస్తారు. సంపాదన లేని ఏళ్లు సున్నాలుగా కలుస్తాయి. ఉద్యమంలో జీతం లేకుండానో కొద్ది జీతానికో గడిపిన దశాబ్దం అరవై ఐదో ఏట బయటపడుతుంది. జీవితకాలపు కార్యకర్తల గురించి రాసే పొగడ్తల్లో ఈ సున్నాల ప్రస్తావన కనిపించదు.

జోన్స్‌కు నేమ్స్ ప్రాజెక్ట్‌తో బంధం కూడా చక్కగా ముగియలేదు. సంస్థ ప్రధాన కార్యాలయం అట్లాంటాకు వెళ్లాక ఆయనకూ సంస్థకూ చెడింది, వ్యవహారం కోర్టుకెక్కింది. తాను మొదలుపెట్టిన సంస్థే తనది కాకుండా పోవడం ఉద్యమకారులకు కొత్త కాదు.

హోటల్ ఎందుకు

హోటళ్లలో, రెస్టారెంట్లలో గే, ట్రాన్స్ ఉద్యోగులు ఎప్పుడూ ఎక్కువే. ఇతర చోట్ల తలుపులు మూసుకున్నప్పుడు పెద్ద నగరాల్లో తెరిచి ఉన్న పని అది. వాళ్ల పక్కన పనిచేసేది వలస వచ్చిన ఆడవాళ్లు. చట్టం రెండు వర్గాలనూ చాలాకాలం గాలికి వదిలేసింది. గే అన్న కారణంతో ఉద్యోగం నుంచి తీసేయడం దేశమంతటా చట్టవిరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది 2020 జూన్ 15న, బాస్టాక్ కేసులో. అంతకుముందు సగం రాష్ట్రాల్లో తీసేస్తే అడిగే దిక్కు లేదు.

యూనియన్ వేతన ఒప్పందం ఉన్నచోట మాత్రం దిక్కు ఉండేది. ఆ ఒప్పందంలో రెండు వాక్యాలు కీలకం. ఒకటి, వివక్ష చూపకూడదన్న నిబంధనలో లైంగికాభిముఖ్యాన్ని, జెండర్ గుర్తింపును పేరు పెట్టి చేర్చడం. రెండోది, సరైన కారణం లేకుండా ఎవర్నీ తీసేయకూడదన్న నియమం. రెండోదే గట్టిది. వివక్ష నిబంధన ఉన్నచోట ‘నన్ను గే అనే తీసేశారు’ అని కార్మికుడు నిరూపించాలి. మేనేజర్ మనసులో ఏముందో ఎవరు నిరూపిస్తారు? సరైన కారణం నియమంలో బరువు యాజమాన్యం మీద పడుతుంది: తప్పేంటో, ముందు హెచ్చరించారా లేదా, ఇంకొకరు అదే తప్పు చేస్తే ఏం చేశారో వాళ్లే చూపాలి. మొదట సూపర్‌వైజర్‌తో మాట, తర్వాత రాతపూర్వక ఫిర్యాదు, చివరికి రెండు పక్షాలూ ఒప్పుకున్న మధ్యవర్తి. మధ్యవర్తి తీర్పుకు ఇరుపక్షాలూ కట్టుబడాలి. గడువు దాటితే ఎంత న్యాయమైన ఫిర్యాదైనా చెల్లదు; చాలా ఒప్పందాల్లో గడువు రోజుల్లోనే ఉంటుంది. సిగ్గుతోనో భయంతోనో నెల రోజులు ఆగిన కార్మికుడు అక్కడే ఓడిపోతాడు.

బీమా ఇంకో సంగతి. పెళ్లి హక్కు లేని రోజుల్లో భాగస్వామికి వైద్యబీమా ఇప్పించింది మొదట యూనియన్ ఒప్పందాలే. 1982లో న్యూయార్క్‌లోని విలేజ్ వాయిస్ పత్రిక ఉద్యోగుల యూనియన్ సాధించినది తొలి ఉదాహరణల్లో ఒకటి. హెచ్‌ఐవీ మందులు జీవితాంతం వాడాల్సిన మనిషికి మంచి బీమా ఉన్న గిన్నెలు కడిగే ఉద్యోగం, బీమా లేని ఆఫీసు ఉద్యోగం కన్నా విలువైనది. జోన్స్ వాదన సారాంశం ఇదే: గే హక్కులంటే పెళ్లి ఒక్కటే కాదు, నెల జీతం, మందులు, వెళ్లగొట్టలేని కొలువు.

మన దగ్గర ఈ ఖాళీ ఇంకా అలాగే ఉంది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ నుంచి పరస్పర అంగీకార సంబంధాలను తప్పించింది. 2019 చట్టం ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపై ఉద్యోగాల్లో వివక్షను నిషేధించింది. 2023 అక్టోబర్ 17న పెళ్లి హక్కు కేసును సుప్రీంకోర్టు కొట్టేసింది. అందులో మొదటి పిటిషనర్లు హైదరాబాద్ జంటే. ప్రైవేటు కొలువులో గే అని తీసేస్తే నేరుగా అడ్డుకునే చట్టం మాత్రం నేటికీ లేదు.

బహిష్కరణ ఎలా నడుస్తుంది

జోన్స్ యూనియన్‌కు తెచ్చిన పెద్ద ఆస్తి ఆయన ఫోన్ పుస్తకం. ‘స్లీప్ విత్ ద రైట్ పీపుల్’ అనే ప్రచారం మొదలైంది. సరైనవాళ్ల దగ్గరే పడుకోండి, అంటే యూనియన్ గొడవ లేని హోటల్లోనే దిగండి అన్న కొంటె మాట. గే పర్యాటకులు, ప్రైడ్ కమిటీలు, గే సంస్థల సదస్సులు లక్ష్యం.

ఒక్కో యాత్రికుడు మానేస్తే హోటల్‌కు తెలియదు. వేయి గదుల సదస్సు మానేస్తే తెలుస్తుంది. కాబట్టి పని అంతా సదస్సు నిర్వాహకుల దగ్గరే. వాళ్లు రెండు మూడేళ్ల ముందే గదులు బ్లాక్ చేసి సంతకం పెడతారు. రద్దు చేస్తే భారీ జరిమానా. బ్లాక్ చేసిన వాటిలో నిర్ణీత శాతం నిండకపోయినా తేడా కట్టాలి. సమ్మె వచ్చాక ‘మేం రాం’ అంటే ఆలస్యమే. విపత్తు నిబంధన కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. అది సాధారణంగా సభ జరపడం అసాధ్యమైనప్పుడే పనిచేస్తుంది. బయట పికెటింగ్ ఉంది, లోపల లైట్లు వెలుగుతున్నాయి అంటే అసాధ్యం కాదు. అందుకే సమ్మె, పికెటింగ్, బహిష్కరణ పిలుపు ఉంటే జరిమానా లేకుండా తప్పుకోవచ్చన్న కార్మిక వివాద నిబంధనను సంతకానికి ముందే విడిగా రాయించుకోవాలి. రెండేళ్లకోసారి వేలమందితో మహాసభలు పెట్టి హోటళ్లు బుక్ చేసే తానా, ఆటా లాంటి తెలుగు సంఘాలకూ పనికొచ్చే వాక్యమది.

2008లో దీనికి పరీక్ష వచ్చింది. గే పెళ్లిళ్లను రద్దు చేసే ఎనిమిదో ప్రతిపాదనను ఓటింగ్‌కు తెచ్చే ప్రచారానికి, శాన్ డియేగో హోటల్ యజమాని డగ్ మాంచెస్టర్ 1,25,000 డాలర్లు ఇచ్చారు. ఆయనది 1,600కు పైగా గదులున్న మాంచెస్టర్ గ్రాండ్ హయత్. గే సంస్థలూ యునైట్ హియర్ కలిసి బహిష్కరణకు పిలుపిచ్చాయి. కొన్ని సంఘాలు సభలు తప్పించాయి. అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్ మాత్రం జరిమానా భరించలేక 2010 జనవరిలో అక్కడే సమావేశమై, గే పెళ్లి చరిత్ర మీద అదే హోటల్లో ప్రత్యేక చర్చలు పెట్టింది. ఏ పక్షమూ పూర్తిగా సంతోషించని పరిష్కారం. 2011లో హోటల్ చేతులు మారింది.

ఇలాంటి పొత్తుకు చట్టపరమైన కారణం కూడా ఉంది. గొడవతో సంబంధం లేని మూడో సంస్థ మీద పికెటింగ్‌తో ఒత్తిడి తేవడాన్ని అమెరికా కార్మిక చట్టం యూనియన్లకు నిషేధించింది. కరపత్రాలు పంచి కొనొద్దని కోరడం వరకు తప్పు లేదని 1988లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గే సంస్థ యూనియన్ కాదు కాబట్టి ఆ సంకెళ్లు దానికి లేవు. అయితే అది యూనియన్ చెప్పుచేతల్లో నడుస్తోందని తేలితే రక్షణ పోతుంది. ఎవరి నిర్ణయం వాళ్లదిగా ఉండాలి.

పాత పనిముట్లలో ఇక్కడ సాయం చేయనిది ఒకటే, మైకు. 1970ల చివరి నుంచీ జోన్స్ వీధిలో జనాన్ని కదిలించగల వక్త. 2009 అక్టోబర్ 11న వాషింగ్టన్‌లో జరిగిన జాతీయ సమానత్వ ఊరేగింపుకూ ఆయన పిలుపు కారణం. హోటల్ బేస్‌మెంట్లో అది చెల్లదు. యూనియన్ ఎన్నిక కోరాలంటే చట్టం ప్రకారం 30 శాతం సంతకాలు చాలు. అనుభవం ఉన్న ఆర్గనైజర్ ఆ సంఖ్యతో వెళ్లడు. యాజమాన్యం ఒక్కొక్కరిని గదిలోకి పిలిచి భయపెట్టాక మద్దతు కరుగుతుందని తెలుసు కాబట్టి 70 శాతం దాకా ఆగుతాడు. ఆ సంతకాలు సభలో రావు. ఇంటి తలుపు తట్టి, వంటింట్లో కూర్చుని, ఎనభై శాతం సమయం విని తెచ్చుకోవాలి. ఉద్యమ నాయకుడు ఊరేగింపు తేదీని తానే ప్రకటించగలడు. సమ్మె తేదీ సభ్యుల ఓటుతోనే తేలుతుంది. 2018లో శాన్ ఫ్రాన్సిస్కోలో మారియట్ హోటళ్ల సమ్మె అలా ఓటుతో మొదలై 61 రోజులు నడిచింది. ‘ఒక్క ఉద్యోగం చాలాలి’ అన్నది వాళ్ల నినాదం: రెండు చోట్ల పని చేస్తే తప్ప అద్దె కట్టలేని నగరం అది.

అద్దె సంగతి జోన్స్ దగ్గరికీ వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలో పాత ఇళ్లకు అద్దె పెంపు మీద పరిమితి ఉంది; కానీ అసలు అద్దెదారు ఆ ఇంట్లో శాశ్వతంగా ఉండటం లేదని యజమాని వాదిస్తే, రాష్ట్ర చట్టం ప్రకారం అద్దెను మార్కెట్ ధరకు పెంచే వీలుంది. 2022లో ఇల్లు కొన్న కొత్త యజమాని ఆ దారిలో సుమారు 2,400 డాలర్ల నెల అద్దెను 5,200కు పెంచుతూ నోటీసు ఇచ్చారు. పోరాడదామనుకున్నా చివరికి ఆయన కాస్ట్రో వదిలి, ఉత్తరాన రష్యన్ నది ఒడ్డునున్న గెర్న్‌విల్‌కు మారారు.